ముందు తేదీ చెప్పు

వైఫై ఉంది.
గీతలన్నీ నిండుగా ఉన్నాయి,
పెళ్ళిపందిట్లో పెద్దమనుషుల్లా కూర్చుని.
ఒక్కటీ పనిలోకి దిగదు.

గుణుపురంలో సాయంత్రం ఆరున్నర.
వంశధార మీంచి వచ్చే గాలికి
డాబా మీది కేబుల్ తీగ గోడకేసి కొట్టుకుంటోంది.
స్కాలర్‌షిప్పు దరఖాస్తుకి ఇవాళే ఆఖరు.
హాస్టలు గుంట సుభాసిని శబర
ఫైలు ఒళ్ళో పెట్టుకుని
కుర్చీ అంచున కూర్చుంది
టికెట్టు తీసుకోకుండా బస్సెక్కినట్టు.
వార్డెను తొమ్మిదింటి దాకానే ఒప్పుకుందట.

నాకొచ్చిన వైద్యాలన్నీ చేశాను.
రూటరు తీగ పీకి ముప్పై లెక్కపెట్టాను.
ఇరవై దాకా తెలుగులో,
ఆపైన ఏకొయిశి, బాయిశి అని ఒడియాలో.
మా బడిలో ఇరవై దగ్గర మేష్టారు మారిపోయారు.

రూటర్ని ఇనప బీరువా మీంచి దించి గూట్లోకి,
గూట్లోంచి కిటికీలోకి,
కిటికీలోంచి పప్పుల డబ్బా మీదికి,
పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పాను.

"ఈ నెట్‌వర్కును మరిచిపోమంటారా?"
అనడిగింది కంప్యూటరు.
మరిచిపోయే ముందు
నన్నింత మర్యాదగా అడిగినవాళ్ళు లేరు.
సరే అన్నాను.
మళ్ళీ పరిచయం చేశాను, పాస్‌వర్డుతో సహా.
చేయి కలిపింది.
మాట కలపలేదు.

వీధిలో తక్కినవాళ్ళ పేర్లు వరసగా కనిపిస్తున్నాయి:
పాఢీ నివాస్. కోరాడ మేడపైన.
ఒకటి, 'నాది వాడకు'.
అది ఎదురింటి బిసోయి గారబ్బాయిది, అడగక్కర్లేదు.

కంపెనీకి ఫోను చేస్తే
హిందీకి ఒకటి, ఒడియాకి రెండు నొక్కమంది.
నా కోపం తెలుగులో ఉంది,
దానికి అంకె లేదు.
రెండే నొక్కాను.
ఎక్కడో కూర్చున్న కుర్రాడు
"మా వైపు అంతా బాగుంది ఆజ్ఞా" అన్నాడు.
అందరి వైపూ బాగానే ఉంటుంది ఎప్పుడూ.

ఏ పేజీ తెరిచినా తెర మీద ఒకటే మాట:
ఈ చోటు నమ్మదగింది కాదు, వెనక్కి వెళ్ళండి.
బ్యాంకు నమ్మదగింది కాదట.
సర్కారు కాదట.
సరే, అంతవరకూ ఒప్పుకున్నా,
వంటల పేజీ ఏం పాపం చేసింది?

అప్పుడు లేచింది సుభాసిని.
తెర కింది మూల, ఎవరూ చూడని చోట,
చీమతలలంత అంకెల మీద వేలు పెట్టింది.
ఒకటి, జనవరి, రెండు వేల తొమ్మిది.

"ఈ లెక్కన నాకు అయిదు నెలలు దీదీ.
కూర్చోడం కూడా రాదు.
కాలేజీ డబ్బులు ఎవరిస్తారు?"

మధ్యాహ్నం కరెంటు పోయింది, అదీ సంగతి.
లోపల బొత్తామంత బ్యాటరీ ఒకటి చచ్చి ఉంటుంది.
దీపం ఆరినప్పుడల్లా ఈ పెట్టె
తన పుట్టినరోజుకి పరిగెడుతోంది.
అది చతికిలబడ్డ ఆ తేదీన
ఈ ఊరికి రైలు లేదు,
ఈ గది లేదు, నాకు కళ్ళజోడు లేదు.
అక్కణ్ణించి చూస్తే
ఇవాళ్టి ముద్రలన్నీ ఇంకా ఎవరూ వెయ్యనివే.
నమ్మమంటే ఎలా నమ్ముతుంది?

తేదీ దిద్దాను.
అన్నేళ్ళూ ఒక్క నొక్కుకి దాటేసింది.
నాకు మాత్రం అన్నేళ్ళూ పట్టాయి.

ఇక తండ్రి పేరు, కులం కాగితం, ఖాతా నంబరు.
ఫొటో పెద్దదయిందని రెండుసార్లు తిప్పికొట్టింది.
ఎనిమిదింపావుకి రసీదు అంకె వచ్చింది.
ప్రింటు తీస్తానన్నా ఆగకుండా
ఆ గుంట దాన్ని అరచేతిలో రాసుకుంది.

వెళ్తూ వెళ్తూ చీటీ ఒకటి చింపి
తెర అంచున అంటించిపోయింది.
గొడుగులు పట్టుకున్నట్టుండే ఒడియా అక్షరాలు.
కూడబలుక్కుని చదివాను:
ముందు దానికి ఇవాళేం రోజో చెప్పు.

గడియారాల త్రినాథ్ దగ్గర
ఆ బ్యాటరీ ముప్పై రూపాయలు.
కొనాలి.
మంగళవారం అతను కొట్టు తియ్యడు,
బుధవారం నాకు తీరలేదు.
చీటీ అలాగే ఉంది.
పొద్దున్నే కంప్యూటరు కంటే ముందు
నేనే చదువుతున్నాను.